బరువు చూసి కొన్న పవర్ సప్లై

నా కంప్యూటర్ చెప్పాపెట్టకుండా ఆరిపోవడం ఆ వారంలో అది ఐదోసారి. తెర మీద ఇంకా కట్టని గ్రంథాలయం ఒకటి, దాని మెట్లు, కిటికీలోంచి నేల మీద పడే ఎండ, అన్నీ ఒక్కొక్క బొమ్మగా తయారవుతుంటాయి. పదో బొమ్మకో పన్నెండో బొమ్మకో టక్కున చీకటి. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. మళ్ళీ మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ అందరితోనూ చెప్పుకుంటుంది గానీ, ఆ పెట్టెను నేను ఐదుసార్లు క్షమించాను.

ఆరోసారి క్షమించే తీరిక లేదు. నా పని, కట్టబోయే భవనాల నక్షాలు తీసుకుని వాటిలో నడిచి చూస్తున్నట్టుగా సినిమాలు తయారుచేయడం. నేను పనిచేసిన ఆఫీసు మూతపడి ఏడు నెలలైంది. ఇప్పుడు ఇంకో ఆఫీసువాళ్ళు పరీక్షగా ఒక నక్షా పంపి, ఒక్క నిమిషం సినిమా చేసి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. నిమిషం సినిమా అంటే పదిహేను వందల బొమ్మలు, నా కంప్యూటర్‌కి ఒక్కో బొమ్మకి ఒక్కో నిమిషం. అంటే ఇరవై అయిదు గంటలు అది కన్నార్పకుండా పనిచేయాలి. అదేమో పన్నెండు నిమిషాలకే చేతులెత్తేస్తోంది.

ఇదంతా బుధవారం మధ్యాహ్నం మాట. కుర్చీలో కూర్చుని పెట్టెను తిడుతుంటే మా మావయ్య మేడ మీద గదిలోంచి దిగి వచ్చాడు. మావయ్య అంటే అమ్మకి అన్న. నలభై ఏళ్ళు కాటాలు బాగుచేసిన మనిషి. బజార్లో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు, తూకాలాయన అంటారు. ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తాడు, పది గ్రాములు అటూ ఇటూ. త్రాసు పళ్ళెం అడుగున దుకాణదారు అంటించిన సీసం ముక్కను కంటితో చూడకుండా చేత్తోనే పట్టేసేవాడట. అందుకని కొందరికి ఆయనంటే గౌరవం, కొందరికి ఒళ్ళుమంట.

"ఎప్పుడు ఆరుతోందే?" అన్నాడు.

"దాని ఇష్టమొచ్చినప్పుడు."

"యంత్రానికి ఇష్టం ఉండదు. ఉత్తరాలు రాసుకుంటే ఆరుతోందా?"

లేదు. పాటలు వింటే ఆరడం లేదు. బొమ్మలు గీయడం మొదలుపెడితేనే ఆరుతోంది. ఆ సంగతి నేను వారం రోజులుగా చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా గమనించలేదు.

"బరువు పెట్టినప్పుడే కూలబడుతోంది. ఈమధ్య లోపల ఏమైనా మార్చావా?"

గ్రాఫిక్స్ కార్డు మార్చాను. బొమ్మలు గీసేది అదే. పాతదానికన్నా రెండింతల వేగం. ఆ మాట చెప్పగానే మావయ్య పెట్టె పక్క రేకు విప్పించి, తల లోపల పెట్టినంత పని చేశాడు. అడుగున ఒక మూల ఇటుకంత నల్లటి డబ్బా, దానిలోంచి గుత్తులు గుత్తులుగా తీగలు.

"ఇదేమిటి?"

"పవర్ సప్లై. గోడలోంచి కరెంటు తీసుకుని అన్నింటికీ పంచుతుంది."

"ఎలా పంచుతుంది?"

అక్కడ నా పాండిత్యం అయిపోయింది. పదేళ్ళుగా కంప్యూటర్ మీద బతుకుతున్నాను, ఆ డబ్బా ఏం చేస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు. ఇద్దరం కూర్చుని ఫోన్లో వెతికి చదివాం. గోడలోంచి వచ్చే కరెంటు ఎక్కువ వోల్టులతో అటూ ఇటూ ఊగుతూ ఉంటుందట. లోపలి భాగాలకు పన్నెండు వోల్టులు, అయిదు వోల్టులు, మూడు చిల్లర వోల్టులు నిలకడగా కావాలట. ఊగేదాన్ని నిలబెట్టి, పెద్దదాన్ని చిన్నది చేసి, వేరువేరు తీగల్లో పంపడం ఆ డబ్బా పని. ఎంత మోయగలదో దాని మీద వాట్లలో రాసి ఉంటుంది. మాదాని మీద నాలుగు వందల యాభై అని ఉంది.

"తినేవాళ్ళు పెరిగారు, గిన్నె మార్చలేదు. పద, పెద్దది తెద్దాం," అన్నాడు మావయ్య. ఆయన మొహంలో నాకంటే ఎక్కువ హుషారు కనపడింది. కొత్త యంత్రం ఒకటి పరిచయమైతే ఆయనకి వయసు తగ్గుతుంది.

రెండు వీధుల అవతల కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. దాని యజమాని రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుంటాడు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. మా వీధిలో అందరూ ఆయన్ని కళ్ళజోడు గారనే అంటారు. నా కార్డు పేరు అడిగి మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. మధ్యదాన్ని వేలితో తట్టి, "ఇది సరిపోతుందండి," అన్నాడు. దాని మీద ఆరు వందల యాభై అని ఉంది. చివరి దాని మీద ఏడు వందల యాభై అని బంగారు రంగులో ఇంత లావు అంకెలు.

మావయ్య మూడింటినీ ఒక్కొక్కటిగా ఎత్తాడు. కళ్ళు మూసుకుని, అరచేతిలో రెండుసార్లు పైకీ కిందకీ ఆడించి దించాడు. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు ఆగి చూశారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"ఇందులో సరుకుంది," అన్నాడు బంగారు అంకెలదాన్ని చూపించి. "మిగతావాటికంటే అరకేజీ ఎక్కువ. రాగి, ఇనుము పిసినారితనం లేకుండా పెడితేనే ఈ బరువు వస్తుంది."

"కంపెనీ కొత్తదండి. నాకూ అనుభవం లేదు," అని నసిగాడు కళ్ళజోడు గారు. "కానీ పెద్దాయన చెయ్యి గురించి విన్నాను. మీ ఇష్టం."

మావయ్య చేతి మాట కాదని నేను ఇంకోటి ఎలా తీసుకుంటాను? అదే తెచ్చుకున్నాం, ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. దీపం వెలుగులో చిన్న మరలు ఆయనకి కనపడవు కనుక గురువారం తెల్లవారుతూనే బిగించాడు. సరిగ్గా ఆరింటికి మీట నొక్కాను. పది బొమ్మలు, పన్నెండు బొమ్మలు, ఇరవై. ఆరలేదు. లెక్క ప్రకారం శుక్రవారం పొద్దున ఏడింటికి సినిమా తయారు. అమ్మ కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. మావయ్య కప్పు పట్టుకుని పెట్టె ముందే కూర్చున్నాడు, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నవాడిలాగా.

పది నలభైకి టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన.

మావయ్య నాకన్నా ముందు లేచి గోడ మీట ఆపి, ప్లగ్గు పీకాడు. నేనింకా తెరకేసి చూస్తూనే ఉన్నాను. రెండు వందల ఎనభై బొమ్మలు అయ్యాయి. అవి దాచిన డిస్కు బతికుందో లేదో తెలియదు, కార్డు బతికుందో లేదో తెలియదు. శుక్రవారం మధ్యాహ్నానికి పాతిక గంటలే ఉన్నాయి. పెట్టె మొత్తాన్ని దుప్పట్లో చుట్టుకుని, చెరో వైపు పట్టుకుని మళ్ళీ ఆ దుకాణానికే మోసుకుపోయాం.

కళ్ళజోడు గారు ముందు తన దగ్గరున్న పరీక్ష డబ్బా తగిలించి చూశాడు. కంప్యూటర్ వెలిగింది. డిస్కు ఉంది, కార్డు ఉంది, బొమ్మలన్నీ ఉన్నాయి. నాకు ఊపిరి వచ్చింది. ఆ తర్వాత ఆయనకే ఆగలేదు, కాలిన డబ్బాలో ఏముందో చూడాలని. "వీటిలో ప్లగ్గు తీసేశాక కూడా కరెంటు నిలవుంటుందండి, మీరు ముట్టుకోకండి," అని చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని మరలు విప్పాడు. రేకు పైకెత్తగానే లోపలినుంచి ఏదో జారి బల్ల మీద ధన్‌మని పడింది.

ఇనుప పలక. అరచేయంత ఉంది. ఒక పక్క ఎండిన జిగురు చారలు. ఏ తీగా దానికి తగలడం లేదు, దానికి ఏ పనీ లేదు. డబ్బా బరువుగా ఉండటానికి లోపల అంటించారు, అంతే. మిగతా లోపలంతా వెలితిగా ఉంది, చుట్టిన రాగి తీగ బొటనవేలంత కూడా లేదు.

మావయ్య ఆ పలకను ఎత్తాడు. అలవాటు కదా, చెయ్యి దానంతటదే రెండుసార్లు ఆడింది. "నాలుగు వందల ఇరవై," అన్నాడు నెమ్మదిగా. కళ్ళజోడు గారు పార్సిళ్ళు తూచే చిన్న కాటా మీద పెట్టి చూస్తే నాలుగు వందల పద్దెనిమిది.

అప్పుడు నేను నోరు జారాను. జారడం కాదు, తెలిసే అన్నాను. "నీ చెయ్యిని నమ్మి నా ఉద్యోగాన్ని దాంట్లో పెట్టాను మావయ్యా. కళ్ళజోడు గారు వేలితో చూపించింది తీసుకునుంటే ఈపాటికి పావు వంతు అయిపోయేది. బరువు చూసి కొనడానికి ఇదేమైనా గుమ్మడికాయా?"

దుకాణంలో ఇంకెవరో దగ్గారు. మావయ్య నాకేసి చూడలేదు. నలభై ఏళ్ళు పళ్ళేల కింద సీసం పట్టుకున్న మనిషి, అదే మోసం డబ్బాలో పెట్టి అమ్మితే సరుకుందని మెచ్చుకున్నాడు. ఇంకెవరినైనా మోసం చేయాలంటే వేరే దారి వెతుక్కోవాలి. బరువుతో మోసపోవడం ఆయనొక్కడికే సాధ్యం, ఎందుకంటే మిగతా ఎవరూ ఎత్తి చూడరు. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. కోపంలో ఉన్నాను.

ఆయన కాలిన డబ్బాను తనవైపు తిప్పుకుని, దాని పక్కనున్న చీటీ దగ్గర మొహం పెట్టాడు. కళ్ళజోడు గారు నెత్తి మీద జోడు తీసి ఇచ్చాడు. మావయ్య అది పెట్టుకుని చీమలంత అక్షరాలు ఒక్కొక్కటీ చదివాడు.

"పన్నెండు వోల్టుల దగ్గర ఇరవై ఆరు ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే వాట్లే కదండీ?"

"అవునండి."

"పన్నెండు ఇరవై ఆరులు మూడు వందల పన్నెండు. మరి ఏడు వందల యాభై ఎక్కడిది?"

కళ్ళజోడు గారు మెడ గోక్కున్నాడు. "అయిదు వోల్టులవీ, మూడు వోల్టులవీ పెద్ద పెద్ద అంకెలు వేసి కలిపారండి. ఇవాళ్టి కంప్యూటర్లలో కార్డుకీ ప్రాసెసర్‌కీ తిండి పన్నెండు వోల్టుల తీగలోంచే. మిగతా తీగలతో పెద్ద పని లేదు. ఆ కలిపిన లెక్కకి కూడా ఈ డబ్బా నిలబడేలా లేదనుకోండి."

"ఇది అబద్ధం కూడా ఆడలేదే," అన్నాడు మావయ్య, నాతోనో తనతోనో తెలియలేదు. "చిన్నక్షరాల్లో నిజం రాసే పెట్టుకుంది. నేను చదవలేదు. ఎత్తాను."

తర్వాత మా పాత డబ్బా సంగతి అడిగాడు. దాని చీటీ ఫొటో నా ఫోన్లో ఉంది. పన్నెండు వోల్టుల దగ్గర ముప్పై నాలుగు ఆంపియర్లు. అంటే నాలుగు వందల ఎనిమిది. కళ్ళజోడు గారు కాగితం మీద మా కంప్యూటర్ ఆకలి రాశాడు: కార్డుకి రెండు వందల ఇరవై, ప్రాసెసర్‌కి ఒత్తిడిలో నూట యాభై, పంకాలకీ డిస్కులకీ కలిపి నలభై. నాలుగు వందల పది. పైగా కార్డు ఒక్కో క్షణం ఉలిక్కిపడినట్టు ఎక్కువ లాగుతుందట, కంటికి కనపడనంత తక్కువసేపు.

మేము ముగ్గురం ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తూ నిలబడ్డాం. నాలుగు వందల ఎనిమిది, నాలుగు వందల పది. వారమంతా నేను తిట్టిన ఆ పాత డబ్బా చెడిపోలేదు. మోయలేని బరువు మీద పడుతోందని తెలిసి, కార్డు కాలకుండా, డిస్కు పోకుండా తనే తప్పుకుంటూ వచ్చింది. కొత్తది ఏడు వందల యాభై మోస్తానని చెప్పి పేలింది. నా కోపం ఎక్కడికో పోయి నాకు ఇదంతా వింతగా అనిపించడం మొదలైంది. ఇంత చిన్న చీటీలో ఇంత కథ ఉంటుందని ఎవరనుకుంటారు?

గోడ గడియారం పన్నెండున్నర చూపించింది. మిగిలిన పన్నెండు వందల ఇరవై బొమ్మలకి ఇరవై గంటల పైచిలుకు. మధ్యాహ్నం మూడు దాటితే ఇక మొదలుపెట్టినా లాభం లేదు.

కళ్ళజోడు గారు మళ్ళీ రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నిన్న వేలితో చూపించినది, ఆరు వందల యాభై. ఇంకోటి వేరే కంపెనీది, ఆరు వందలు. మావయ్య చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కుడిచేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. దుకాణంలోకి వచ్చి ఒక్క వస్తువైనా ఎత్తకుండా ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు.

"నువ్వే చదువు," అన్నాడు.

చదివాను. ఆరు వందల యాభైదానికి పన్నెండు వోల్టుల దగ్గర యాభై నాలుగు ఆంపియర్లు. "ఆరు వందల నలభై ఎనిమిది," అన్నాను. పెద్ద అంకెకీ చిన్న అంకెకీ తేడా రెండే. రెండోదానికి నలభై ఒకటి, అంటే నాలుగు వందల తొంభై రెండు. అది కూడా మా నాలుగు వందల పదికి చాలుతుంది గదా అని అడిగాను.

"పది కేజీల కాటా మీద రోజూ పది కేజీలూ పెట్టి తూస్తే ఏడాదికి స్ప్రింగు సాగిపోతుంది," అన్నాడు మావయ్య. "అది ఇరవై గంటలు ఏకధాటిగా మోయాలి. కాస్త ఖాళీ ఉండాలి." ఆపైన నాకేసి కాకుండా కళ్ళజోడు గారికేసి తిరిగి, "నేను చెప్పింది సరైనదేనాండీ?" అని అడిగాడు. ఆయన ఇంకొకరిని అలా అడగడం నా చెవులకి కొత్తగా వినపడింది. ఎందుకో బాగా బాధేసింది.

"నూటికి నూరుపాళ్ళు సరైనదండి," అన్నాడు కళ్ళజోడు గారు. "వారంటీ కూడా చూడండి. కాలినదానికి ఆరు నెలలు, దీనికి ఏడేళ్ళు. ఎక్కువ లాగితే పేలకుండా తనంతట తనే ఆగే ఏర్పాట్లన్నీ దీంట్లో ఉన్నాయి."

ఆ డబ్బాను నేను ఎత్తి సంచిలో పెట్టుకున్నాను. కాలినదానికంటే చాలా తేలిగ్గా ఉంది. ఆ సంగతి పైకి అనలేదు. కాలినదాన్ని ఆయన వాపసు తీసుకున్నాడు, గోడకి తగిలించి ఎంత కరెంటు లాగుతోందో చూసే చిన్న మీటరు ఒకటి ఊరికే చేతిలో పెట్టి, రెండు రోజులు వాడుకుని ఇవ్వమన్నాడు.

ఇంటికొచ్చాక మావయ్య మరలు బిగిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. పాత తీగలు ఒక్కటి కూడా ఉంచొద్దని, కొత్త డబ్బాతో వచ్చినవే వాడమని కళ్ళజోడు గారు గట్టిగా చెప్పాడు. మూతులు ఒకేలా కనపడినా లోపలి వరసలు వేరుగా ఉంటాయట. ఒక్కో తీగనీ మావయ్య డబ్బాతో వచ్చిన పుస్తకంలో చూసి, నన్ను చూడమని, ఇద్దరం సరే అనుకున్నాకే గుచ్చాడు. రెండూ నలభైకి మీట నొక్కాను.

మీటరు నాలుగు వందల అరవై చూపించింది. గోడలోంచి తీసుకున్నదంతా లోపలికి పోదు, కొంత వేడిగా పోతుందని అప్పుడే తెలిసింది మాకు. మావయ్య స్టూలు తెచ్చుకుని కూర్చుని, పావుగంటకోసారి మీటరు అంకె తన పాత కాటాల పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. అమ్మ రెండుసార్లు పిలిచింది. "తర్వాత," అన్నాడు. నేను నిద్రపోయాను. పొద్దున లేచేసరికి స్టూలు మీదే ఉన్నాడు, పుస్తకంలో రెండున్నర పేజీలు నిండాయి. ఎక్కడా నాలుగు వందల ఎనభై దాటలేదు.

శుక్రవారం పదకొండు దాటి రెండు నిమిషాలకి చివరి బొమ్మ అయింది. బొమ్మలన్నీ వరసగా కూర్చి, ఒకసారి పూర్తిగా చూసి, పదకొండు నలభైకి పంపేశాను. సినిమాలో గ్రంథాలయం మెట్లు ఎక్కుతుంటే కిటికీలోంచి ఎండ నేల మీద పడి మెల్లగా జరిగింది. నాకు నచ్చింది. మావయ్య మేడ మీదకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది. మెట్ల మీద ఎండ ఎలా గీశారని అడిగి, సోమవారం వచ్చి చేరమన్నారు. అమ్మకి చెప్పి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి పరుగెత్తాను. మావయ్య మంచం మీద కూర్చుని తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"వచ్చింది మావయ్యా. సోమవారం రమ్మన్నారు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి."

తల ఊపాడు. పై పంచెతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన ఎదుట నేల మీద కూర్చున్నాను.

"నిన్న దుకాణంలో అంతమంది ముందు నేను అన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ముందు అన్నం పెట్టవే," అన్నాడు. "నిన్న ఆ పలక పడినప్పటి నుంచి ఒక్క ముద్ద దిగలేదు. నా చేత్తో నీ ఉద్యోగం పోగొట్టాననుకున్నాను."

ఇద్దరం కిందకి దిగాం. అమ్మ పొయ్యి వెలిగించబోతుంటే నేనే వెలిగించాను. ఉన్నవన్నీ వేడిచేసి, కంచం ఆయన ముందు పెట్టి పక్కనే కూర్చున్నాను. తలెత్తకుండా తిన్నాడు. మళ్ళీ వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేదు.